ఎవరి చేతిలో సుత్తి

టంగ్. టంగ్. టంగ్. దెబ్బలు తన తుంటి మీదే పడుతున్నాయని తాక్ బున్నంకి తెలుసు, కానీ నొప్పి లేదు, నడుం కిందిభాగాన్ని ఎవరో అరువు తీసుకుపోయినట్టుంది, వెన్నులో మత్తుసూది దిగిన కాసేపటికే కాళ్ళు రెండూ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాయి, ఇక మిగిలింది ఒక ఛాతీ, రెండు చేతులు, ఒక తల, ఆ తలకి రెండు చెవులు. ఆ చెవుల కోసమే పొద్దుట్నుంచీ ఇంత రాద్ధాంతం చేసింది. నర్సు హెడ్‌ఫోన్స్ తెచ్చి, మంచి పాతకాలపు ట్రాట్ పాటలున్నాయి, పెట్టుకోండమ్మా, సుత్తి చప్పుడికి అందరూ హడలిపోతారు అంటే, నేను హడలను తల్లీ, ఆ సుత్తి దెబ్బ తినే కడ్డీ నేను చేసిందే అంది. నిద్రమందు వద్దంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, కుడి తుంటి పైకి వచ్చేలా మెత్తలు దోపి, మొహానికి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు, ఇప్పుడా గుడ్డకి ఇవతల బున్నం, అవతల బున్నం తుంటి. ఇవతల మత్తు డాక్టరు యోమ్, చిన్నపిల్ల, కళ్ళజోడు మాటిమాటికీ జారుతుంది, ఎగదోసుకుంటుంది. పైకప్పు మూలన నల్లటి బోర్లించిన గిన్నెలా కెమెరా ఉంది, దాని పక్కన వెలగాల్సిన చిన్న దీపం వెలగడం లేదు. వెలగదు. నిన్న ఆస్పత్రిలో చేరేటప్పుడే అడిగింది బున్నం. బల్ల వెనకాల కూర్చున్న అమ్మాయి నవ్వి, ఆపరేషన్ గదిలో కెమెరా నడపాలన్న చట్టం స్పృహలో లేనివాళ్ళకమ్మా, మీరు మెలకువగా ఉంటారు గదా అంది. మధ్యలో నిద్రపుచ్చితేనో? అప్పుడు నడుపుతాం, మీరు అడిగితే. అడుగుతున్నాను, రాసుకో. రాసుకుంది. అక్కడితో ఆ సంగతి మర్చిపోయింది బున్నం, ఎందుకంటే తనకి ఆపరేషన్ చేసే డాక్టర్ నంగుంగ్ మీద అనుమానం లేదు, ఆయనది బంగారం లాంటి చెయ్యి.

ఆ మాటే ఇందాక వెల్లుల్లి అవ్వతో కూడా అంది. ఆపరేషన్ గదుల ముందు వరండాలో రెండు బళ్ళు పక్కపక్కన ఆపారు, ఒకదాని మీద బున్నం, రెండోదాని మీద వెల్లుల్లి పండించే ఉయ్‌సంగ్ ఊరి నుంచి వచ్చిన ముసలామె, ఎన్నిసార్లు స్నానం చేయించినా వేళ్ళలోంచి వెల్లుల్లి వాసన పోలేదట, మడుల్లో గొంతుక్కూర్చుని కూర్చుని తుంటి అరిగిపోయిందట. "ఈ డాక్టరు మంచోడేనా?" అనడిగింది అవ్వ. "బంగారం. నాది ఎనిమిదేళ్ళ కింద ఆయనే చేశాడు." "మరి మళ్ళీ ఎందుకొచ్చావ్?" అని అవ్వ బోసినోటితో నవ్వితే బున్నం కూడా నవ్వింది, అది చేతి తప్పు కాదవ్వా, పోయిన చలికాలం లోపల క్రిములు చేరాయి, ఎండాకాలం ముందు పాతదంతా పీకేశారు, నెలల తరబడి తాత్కాలికపు ముక్కతో కుంటాను, ఇవాళ కొత్తది పెడతారు అని చెప్పింది. "నన్ను పూర్తిగా నిద్రపుచ్చుతారంట. మావాడు బయట కూచున్నాడు, వాడికి నాకంటే భయం," అంది అవ్వ, అంతలో ఆమె బండిని రెండో గదిలోకి తోసుకెళ్ళారు.

టంగ్, టంగ్, టంగ్. పక్క బల్ల మీద గిన్నెలో ఏదో కలుపుతున్న చప్పుడు, గరిటె అంచు గిన్నెకి గీరుకుంటోంది. సుద్దముక్క వాసన తేలికగా ముక్కుకి తగిలింది. తన గుళికలు. సుద్దలాంటి తెల్లపొడి, దాంట్లో యాంటీబయాటిక్ పొడి, నీళ్ళచుక్కలు, ముద్దయ్యాక బున్నం చేసిన అచ్చులో వేసి గరిటెతో పామితే మిరియాల గింజలంత గుంటల్లోకి దిగుతుంది, గట్టిపడ్డాక అచ్చుని వంచితే పొలోమని రాలతాయి, వాటిని కొత్త కీలు చుట్టూ చల్లి మూసేస్తే వారాల తరబడి కరుగుతూ క్రిముల్ని చంపుతాయి. ఇవాళ మీ గుళికలు మీకే, బున్నం గారూ, అన్నాడు డాక్టర్ నంగుంగ్ మొదట్లో, కోత పెట్టేముందు, అప్పుడాయన గొంతు విన్నది. తర్వాత కాలిన మాంసం వాసన వచ్చింది, అచ్చం మక్‌చాంగ్ దుకాణంలో బొగ్గుల మీద పేగులు కాలినట్టు, తన మాంసమే అయినా ఆకలేసింది, ఆ సంగతి యోమ్‌తో చెబితే పిల్ల బెదిరిపోయింది. తర్వాత తలుపు జరిగిన చప్పుడు, సుయ్ మని, ఎవరో వచ్చారో వెళ్ళారో. ఆ తర్వాతే ఈ సుత్తి.

ఎముక మీద సుత్తి చప్పుడు వింటుంటే పలక మీద కుంచె చప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు దేగూ నగరం మూలికల వీధిలో వాళ్ళ దుకాణం వెనకగది, అమ్మ మోకాళ్ళ మధ్య గాడుల పలక, ఇత్తడి గాడులు, నల్లటి మూలికల ముద్దని పాములా చేసి కింది పలక మీద పరిచి పైపలకతో ఒక్కసారి ముందుకీ వెనక్కీ తోస్తే ముద్ద తెగి ఉండలై దొర్లేది, అంటుకున్న ఉండల్ని అమ్మ కుంచె వెనక్కొసతో తట్టి లేపేది. బున్నం పని తేనె రాయడం. ముద్ద కలిపేది మాత్రం చిన్నాన్న. తలుపేసుకుని కలిపేవాడు, అది వంశ రహస్యం, తాతముత్తాతలది, ఆడపిల్లలకి చెప్పేది కాదు, పైగా బున్నం, మగపిల్లాడు కావాలని దేవుడికి దణ్ణం పెడితే పుట్టిన నాలుగో ఆడపిల్ల, పేరులోనే నం, అంటే మగాడు, అని చేర్చి తర్వాతివాడైనా మగాడు కావాలన్న కోరిక తగిలించి వదిలారు. ఆ ఉండల పేరు నాలుగు జిల్లాల్లో మోగింది. కర్రతో వచ్చినవాళ్ళు కర్ర మర్చిపోయి వెళ్ళేవాళ్ళు, మర్చిపోయిన కర్రల్ని చిన్నాన్న దుకాణం ముందు కట్టగట్టి నిలబెట్టేవాడు, అంతకంటే ప్రకటన ఏం కావాలి? బున్నం అచ్చుల కార్ఖానాలో చేరి రోజంతా యంత్రం మీద వంగి పనిచేసే రోజుల్లో నడుం నొప్పి అంటే అమ్మ నెలనెలా ఒక పొట్లం పంపేది. రెండు ఉండలు వేసుకుంటే నడుం గాల్లో తేలేది. ఇరవయ్యేళ్ళు తేలింది.

టంగ్, టంగ్, టంగ్, టంగ్. ఏదో తేడా. నాలుకకి రాయి తగిలినట్టు చెవికి తగిలింది. డాక్టర్ నంగుంగ్ ఇలా కొట్టడు. ఆయన రెండు చిన్నవి కొట్టి ఒక పెద్దది వేస్తాడు, వేసి ఆగి వింటాడు, కొత్త కీలు తాలూకు గిన్నె ఎముకలో కూర్చునే కొద్దీ చప్పుడు సన్నబడుతుంది గదా, ఆ సన్నబడడం కోసం వింటాడు. కడ్డీ తయారైన కొత్తల్లో ప్లాస్టిక్ ఎముకల మీద ఆయన కొట్టి చూస్తుంటే ఎన్నిసార్లు పక్కనే నిలబడింది తను! ఈ చెయ్యి ఆగడం లేదు. ఒకే బరువుతో, ఒకే వేగంతో, మేకులు కొట్టేవాడిలా కొట్టుకుపోతోంది. వయసొచ్చింది కాబోలు ఆయనకి, తొందరేమో. అనుకుంది గానీ అనుకున్నది మింగుడు పడలేదు. అప్పుడే పక్క బల్ల దగ్గర నర్సు గొంతు, "మేనేజర్ గారూ, గట్టిపడ్డాయేమో చూస్తారా?" అనీ, దానికి జవాబు, "వేలితో నొక్కండి. గుంట పడితే ఇంకా కాలేదు," అనీ వినిపించాయి.

ప్యో గొంతు అది. ప్యో ఉండడంలో వింత లేదు, ఆపరేషన్ సామాను అమ్మే కంపెనీవాడు, బున్నం అచ్చులు అమ్మేది అతనే, అచ్చు ఎలా వాడాలో చెప్పడానికి వస్తానని నిన్ననే ఫోన్ చేశాడు. వింత ఏమిటంటే ప్రశ్న పక్క బల్ల దగ్గర పుట్టింది, జవాబు మాత్రం తన తుంటి మీద నుంచి వచ్చింది.

ఒక్క క్షణం మెదడు ఆ రెండు ముక్కల్నీ కలపనంది. ఎప్పుడో ఇలాగే ఒకసారి కలపనంది. నలభై ఆరో ఏట నడిరోడ్డు మీద కుడికాలు విరిగిన గొడుగులా ముడుచుకుపోతే, ఫొటో తీసిన డాక్టరు తొడ ఎముక తలకాయ చూపించి, చూడండి, లోపల చచ్చిపోయి పెంకులా కూలింది, మీరు చాలా ఏళ్ళు స్టెరాయిడ్లు వాడారా అన్నాడు. లేదండీ, మూలికలు తప్ప మాత్రన్నదే ఎరగను అంది గర్వంగా. ఆ రాత్రే ఒక ఉండని పరీక్షకి పంపింది. ఉండలో స్టెరాయిడ్ ఉందని జవాబొచ్చాక దుకాణానికి వెళ్ళి ఆ కాగితం చిన్నాన్న ముందు పెట్టింది. "నొప్పి తగ్గిందా లేదా? తగ్గింది. ఇన్ని వేలమందికి కలిపాను, చెయ్యి తిరిగినవాణ్ణి, నాకు తెలీదా ఎంత వెయ్యాలో!" అన్నాడు చిన్నాన్న. అమ్మ తల దించుకుని పలక తుడుస్తూ కూర్చుంది. తెలుసా అమ్మా నీకు? "తలుపేసుకునేవాడు గదే," అంది అమ్మ. అంతే, ఇంకో మాట లేదు, ఆ మాటే ఇన్నేళ్ళూ బున్నం పళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. తలుపేసుకునేవాడు. పోలీసులకి చెప్పింది. దుకాణం మూతబడింది. వంశం పరువు తీసిన ఆడది అన్నారు, పెద్దల పండక్కి పిలవడం మానేశారు, మానేస్తే మానేయండి, వంట తప్పింది అంది. ఆ పలక మాత్రం తెచ్చుకుంది. దాని గాడులు చూసే గుళికల అచ్చు తట్టింది. నల్లది కాదు, ఇత్తడి కాదు, గాజులాంటి తేట రబ్బరుతో చేసింది, ఎటు నుంచి చూసినా ప్రతి గుంటలో ఏముందో కనబడాలి. తేటది ఎందుకు, ఖర్చు ఎక్కువ అన్నారు కంపెనీవాళ్ళు. తేటదే అంది.

ప్యో అప్పుడే చేరాడు కంపెనీలో, చొక్కా ఇస్త్రీ నలగని కుర్రాడు. అచ్చులు తీసుకోవడానికి వచ్చి, పని అయ్యేదాకా కార్ఖానాలో కూర్చుని, బున్నం వేడివేడిగా పెట్టిన సోయా పులుసు అన్నంలో పోసుకుని జుర్రుకుంటూ, మా అమ్మ చేతి పులుసు ఇంతకంటే ఉప్పగా ఉంటుంది పిన్నీ, నీదే నయం అనేవాడు. ఒకసారి తాపీమేస్త్రీ మట్టం చూస్తుండగా తనకి తట్టిన రెండో ఉపాయాన్ని, అంటే గిన్నెని ఎముకలోకి దిగగొట్టే కడ్డీకి ఒక నీటిబుడగ మట్టం తగిలించడాన్ని, మొదట నమ్మింది ప్యోనే. బుడగ గీతల మధ్య ఉంటే గిన్నె సరైన వాలులో ఉన్నట్టు. వాలు తప్పితే ఏదో ఒకరోజు కుర్చీలోంచి లేస్తుండగా బంతి గిన్నెలోంచి ఊడి బయటికొస్తుంది. ఒక్కటే షరతు, రోగి పడుకున్న బల్ల కదిలితే మట్టం మొదట్నుంచీ సరిచేసుకోవాలి. ఈ మాట వాడికి నూరుసార్లు చెప్పి ఉంటుంది.

బల్ల కదిలింది. ఇందాక యోమ్, బీపీ కాస్త పడింది అంటూ మీట నొక్కి బల్లని తలవైపు కిందికి వంచింది, నెత్తురు తలలోకి దిగినట్టయింది. వంచాక సుత్తి ఆగలేదు. కడ్డీని మట్టం చేయాలంటే ఆగాలి, అవతల ఎవరూ ఆగలేదు. టంగ్, టంగ్. బున్నం గొంతు సవరించుకుంది.

"బల్ల వంచారు. మట్టం మళ్ళీ సరిచేశారా?"

"అయ్యో, సరిచేస్తున్నా పిన్నీ."

సుత్తి ఆగింది. డాక్టర్ నంగుంగ్ ఈ జన్మలో తనని పిన్నీ అనడు. యోమ్ కళ్ళజోడు జారింది, ఈసారి ఎగదోసుకోలేదు.

అంటే సుత్తి ప్యో చేతిలో ఉంది. అంటే తలుపు సుయ్ మన్నప్పుడు డాక్టరు వెళ్ళిపోయాడు. ఎక్కడికి? రెండో గదికి, వెల్లుల్లి అవ్వ దగ్గరికి, లేదా మూడో గదికి, ఒక్క మనిషి మూడు గదులు, మూడు బిల్లులు, కోతలు ఆయనవి, మిగతాది తలుపు వెనకాల ఎవరిదో. అంటే, ఆగు బున్నం, మెల్లగా, అంటే ఎనిమిదేళ్ళ కింద? అప్పుడు కెమెరా చట్టం లేదు, అప్పుడు తనని పూర్తిగా నిద్రపుచ్చారు, కళ్ళు మూసి తెరిచేసరికి కొత్త తుంటి, బంగారం లాంటి చెయ్యి, అప్పటినుంచీ ఏటా చలికాలం ముందు చంగ్‌దో ఊళ్ళో పండే గింజల్లేని నారింజరంగు పెర్సిమన్ పళ్ళు, ఒక్కొక్కటే కాగితంలో చుట్టి పెట్టె నిండా ఆ డాక్టరింటికి పంపింది! ఎవరి చేతికి పంపింది? లోపలికి క్రిములు ఏ చేతి మీద వచ్చాయి? కోపం కడుపులోంచి లేవాలి గానీ కడుపు సగం మొద్దుబారిపోయింది, అందుకని కోపం నేరుగా ఛాతీలో పుట్టింది, మంట పుట్టినట్టు పుట్టింది, గుండె యంత్రం కీచుకీచుమని వేగం అందుకుంది. తలుపేసుకునేవాడు గదే. ఇక్కడ తలుపు కూడా అక్కర్లేదు, నీ మొహానికి అడ్డంగా ఒక గుడ్డ చాలు, నీ ఒంట్లోకి ఏం పోతోందో, ఎవరి చేత్తో పోతోందో నువ్వు తప్ప గదిలో ప్రతివాడికీ తెలుసు.

"డాక్టరు గారేరి?" అంది.

"ఉన్నారమ్మా, పనిలో ఉన్నారు," అంది యోమ్.

"ఒక్క మాట మాట్లాడమనండి."

నర్సు గరిటె గిన్నెలో పడిన చప్పుడు. తర్వాత గుడ్డ అవతల నుంచి ప్యో, గొంతు తగ్గించి, బతిమాలుతూ, "పిన్నీ, అన్నీ బాగానే కుదురుతున్నాయి. నేను ఎన్ని వందలు చేశానో తెలుసా? నా చేతికి అలవాటే. కాసేపు కళ్ళు మూసుకో, అయిపోతుంది."

"మా చిన్నాన్న కూడా అదే అన్నాడురా. సుత్తి కింద పెట్టు."

"ఇలా తెరిచి వదిలేస్తే నీకే మంచిది కాదు పిన్నీ. ఆలస్యమయ్యే కొద్దీ మళ్ళీ క్రిములు..."

"నా తుంటి. నా క్రిములు. పెట్టమన్నాను."

నిజమే అంటున్నాడు వాడు, అదే ఏడుపు. తెరిచిన గాయం ప్రతి నిమిషం ప్రమాదమే, నోరు మూసుకుంటే ఇంకాసేపట్లో కొత్త తుంటితో గదిలోంచి బయటపడొచ్చు, వాడు నిజంగానే బాగా చేస్తాడేమో కూడా. నొప్పి తగ్గిందా లేదా, తగ్గింది, ఇంకేం కావాలి? ఇరవయ్యేళ్ళు ఆ లెక్కలోనే తేలింది. ఈ కాలు పోతే పోనీ, కుంటుకుంటూనే బతుకుతుంది, ఎండాకాలమంతా కుంటలేదూ? ఇంకోసారి మాత్రం తలుపు వెనకాల కలిపింది ఒంట్లోకి పోనివ్వదు. మొద్దుబారింది నడుం కిందే, నోరు కాదు.

యోమ్ సిరంజి అందుకుంది. అందులో మందు పాలలా తెల్లగా ఉంది. "అమ్మా, మీరు కంగారు పడుతున్నారు, బీపీ పెరుగుతోంది. కొంచెం నిద్రకి ఇస్తాను, హాయిగా ఉంటుంది."

బున్నం తల కదిలినంత మేర పైకెత్తి పైకప్పు మూలనున్న నల్లగిన్నెని చూసింది. చూసి నవ్వింది.

"ఇవ్వు. కానీ ముందు ఆ కెమెరా వెయ్యి."

సిరంజి గాల్లో ఆగిపోయింది.

"నన్ను నిద్రపుచ్చితే అది నడవాలి. నిన్న అడిగాను, మీ పిల్లే రాసుకుంది. అది వేస్తే సుత్తి ఎవరి చేతిలో ఉందో అందులో పడుతుంది. వెయ్యకుండా నిద్రపుచ్చావా, పైన పెద్దాయన పేరు కాదు, మందు ఎక్కించింది నువ్వు గనక నీ పేరు రాస్తారు. చదువుకున్న పిల్లవి, ఏది మంచిదో నువ్వే చూసుకో. నాకు మూడో దారి కూడా తెలుసు. డాక్టర్ని పిలువు."

యోమ్ ఆ సిరంజిని పాముపిల్లని వదిలినట్టు పళ్ళెంలో వదిలి, గోడకున్న ఫోన్ తీసింది. ఏం చెప్పిందో గుసగుసగా చెప్పింది. ఆ తర్వాత గదిలో అందరూ దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డారు, ఆ ఎదురుచూపులో బున్నం తెరిచిన తుంటితో పడుకుని, గోరువెచ్చటి గాలి ఊదే దుప్పటి కింద చెమటోడుతూ, అమ్మ పలక తుడవడం చూసింది. అమ్మకి కూడా తెలిసే ఉంటుంది. తలుపు మీద ఒక్కసారి తట్టి ఉంటే సరిపోయేది అమ్మా. ఎంతసేపు, ఒక్కసారి.

సుయ్ మని తలుపు. అడుగుల చప్పుడు, నీళ్ళు, చేతి తొడుగులు సాగి తప్పున కొట్టుకున్న చప్పుడు. "బున్నం గారూ, నేనే, నంగుంగ్‌ని. ఏమిటీ గొడవ? మీరంటే మాకెంత గౌరవమో..."

"గౌరవం తర్వాత. రెండో గదిలో అవ్వ దగ్గర ఎవరున్నారు?"

"మా జూనియర్ డాక్టరు ఉన్నాడు."

"పేరేంటి?"

పేరుకి బదులు మళ్ళీ సుయ్ మన్నది తలుపు, ఈసారి మెల్లగా, దొంగలా. బున్నం ఒంటి మీద రోమాలు, బతికున్న సగం మీదవి, లేచి నిలబడ్డాయి. ఒకడు ఇక్కడికొచ్చాడు గనక ఇక్కడివాడు అక్కడికి పోతున్నాడు.

"ప్యో! ప్యో ఎటు పోతున్నాడు? వెనక్కి రమ్మనండి! వాడు నా కళ్ళ ముందు నిలబడాలి, నా మొహం దగ్గర, నాకు కుట్లు పడేదాకా! లేకపోతే ఈ గుడ్డ నేనే లాగేస్తాను, ఇదిగో, ఈ చెయ్యి ఖాళీగానే ఉంది!"

అని నిజంగానే గుడ్డ అంచు పట్టుకుంది. గుడ్డ లాగితే అన్నీ పాడు, కోసిన చోటంతా పాడు, అది ఆ గదిలో అందరికంటే బున్నంకే బాగా తెలుసు. పట్టు మాత్రం వదల్లేదు.

"ప్యో," అన్నాడు డాక్టర్ నంగుంగ్. "ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడు. రెండో గదికి ఫోన్ చేసి చెప్పండి, నేను వచ్చేదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దని."

ప్యో గుడ్డ ఇవతలికి వచ్చాడు. నెత్తురు మరకల తొడుగులు విప్పేశాడు, మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బున్నం గుడ్డ వదిలి వాడి మణికట్టు పట్టుకుంది. పులుసు గిన్నె అందుకునేటప్పుడు ఎన్నోసార్లు చూసిన మణికట్టే. "పిన్నీ, నా ఉద్యోగం పోతుంది. వెళ్ళి కొట్టమంటే కొడతాను, కాదంటే సామాను వెనక్కి పంపేస్తారు. నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు గొణుగుతూ. "కాదనమంటాను," అంది బున్నం. "ఇప్పుడు మాత్రం నోరు మూసుకుని నిలబడు."

తర్వాత డాక్టరుతో అంది, "మీరు మాట్లాడుతూ చెయ్యండి. గొంతు ఆగితే చెయ్యి మారిందనుకుంటాను."

అలా మొదలైంది. డాక్టర్ నంగుంగ్ మొదట పళ్ళు బిగించి, తర్వాత అలవాటు లేని పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు, మట్టం సరిచేస్తున్నాను, గిన్నె రెండు వేళ్ళు పక్కకి వాలింది, తీసి మళ్ళీ పెడుతున్నాను, అన్నాడు. ఆ మాటకి బున్నం చేతిలో ప్యో మణికట్టు ఒక్కసారి ఉలిక్కిపడింది. బున్నం వాడి మొహం చూడలేదు. టక్, టక్, టంగ్. ఆగి వినడం. టక్, టక్, టంగ్. చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది, పాత గంట లోపల గాలి తిరిగినట్టు మోగింది, కూర్చుంది. అవును, బంగారం లాంటి చెయ్యే, అదే అసలు మంట, ఉన్న చేతిని ఇవ్వాల్సినవాళ్ళకి ఇవ్వకుండా మూడు గదులకి పంచిపెట్టాడు. తొడ ఎముకలోకి కాడ దింపుతున్నాను అన్నాడు. బంతి పెడుతున్నాను అన్నాడు. గుళికలు అన్నాడు. "చూపించండి," అంది బున్నం. నర్సు అచ్చుని గుడ్డ పైనుంచి ఎత్తి దీపానికి అడ్డంగా పట్టింది. తేట రబ్బరు వెలిగింది. ప్రతి గుంటలో ఒక తెల్లటి గింజ, ఏ గింజలోనూ మచ్చ లేదు, నలుపు లేదు, వంశ రహస్యం లేదు. ఎవరు కలిపారు? "నేనేనమ్మా," అంది నర్సు, ఆ గొంతులో భయం ఉంది, ఒక రవ్వ గర్వం కూడా ఉంది. వెయ్యండి, అంది బున్నం. అచ్చు వంగిన చప్పుడు, గింజలు గిన్నెలోకి రాలిన చప్పుడు, చినుకులు రేకు మీద పడ్డట్టు.

కుట్లు పడుతుండగా డాక్టర్ నంగుంగ్ గొంతు మెత్తబడింది. "బున్నం గారూ, మనం పాత మనుషులం. మీ అచ్చు ఇన్ని ఆస్పత్రులకి వెళ్ళిందంటే నా మాట వల్లే. మా ఆస్పత్రి మూతబడితే మీ అచ్చు కూడా మూలబడుతుంది, ఆలోచించండి." బున్నం ఆలోచించింది. మూలికల వీధిలో మర్చిపోయిన కర్రల కట్ట, వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ చిన్నాన్న, మూతబడ్డ తలుపులు. "ఒక దుకాణం మూయించినదాన్నే," అంది. "రెండోది అంత కష్టం కాదు. ఈ ఏడాది పళ్ళు పంపను, ఎదురు చూడకండి."

బండి మీదికి మార్చారు. కాళ్ళు ఇంకా తిరిగి రాలేదు, వస్తాయి, ఎక్కడికి పోతాయి. చెయ్యి మాత్రం ప్యో మణికట్టు మీదే ఉంది, బండితో పాటు వాడు కూడా నడిచాడు, తోసేవాడు వింతగా చూశాడు గానీ ఏమీ అనలేదు. వరండా, రెండో గది మూసిన తలుపు, దాని మీద ఎర్రదీపం, పెద్ద తలుపులు, వాటి అవతల హాలు. హాల్లో బెంచీల నిండా మనుషులు, కాగితపు కప్పుల్లో బార్లీ టీ, ఒకావిడ ఒళ్ళో నారింజ తొక్కలు, అందరి మొహాలూ గోడ మీది తెర వైపే, అందులో పేర్లు, ఎవరో బయటపడకుండా పేరు మధ్యలో ఒక అక్షరం బదులు సున్నా, పక్కన ఆపరేషన్ జరుగుతోంది అన్న పచ్చటి మాట. తోసేవాడు లిఫ్టు వైపు తిప్పబోయాడు.

"ఆపు," అంది బున్నం.

"అమ్మా, మిమ్మల్ని వెంటనే పైకి..."

"ఆపమన్నాను."

బండి ఆగింది. బున్నం మోచేతి మీద లేవబోయింది, సగమే లేచింది, ఆ సగంతోనే హాలంతా వినబడేలా, దేగూ బజారులో చేపలమ్మేదానిలా గొంతెత్తింది. "ఉయ్‌సంగ్ నుంచి వచ్చిన వెల్లుల్లి అవ్వ తాలూకువాళ్ళెవరు? ఆమె కొడుకు ఎవరు?"

మూలన కూర్చున్న ఒక బక్కపల్చటి మనిషి టీ ఒలకబోసుకుంటూ లేచి నిలబడ్డాడు. ఎండకి నల్లబడిన మెడ, పెళ్ళికి వచ్చినట్టు బొత్తాలన్నీ పెట్టుకున్న చొక్కా. "నేనేనండీ. మా అమ్మకేమైంది?"

"ఇంకా ఏమీ కాలేదు. కెమెరా అడిగావా?"

"లేదండీ... అడగాలా?"

బున్నం ప్యో మణికట్టుని ముందుకి లాగింది. వాడు తల దించుకున్నాడు, అచ్చం అమ్మ దించుకున్నట్టే. హాల్లో అందరూ తెర మీంచి చూపు తిప్పి ఇటే చూస్తున్నారు.

"నువ్వు చెబుతావా," అంది వాడితో, "నన్ను చెప్పమంటావా?"

ప్యో మాస్కు కిందికి లాగి, ఆ బక్కపల్చటి మనిషి మొహంలోకి చూశాడు.

"నాతో రండి అన్నా," అన్నాడు. "తలుపు తడదాం."

అప్పుడు వదిలింది బున్నం వాడి చేతిని.